పొగచుక్కని దాచిందెవరు?

టెలిస్కోపు అడుగు మూత విప్పి చూసేసరికి, మా బావ చేతులరిగేలా నూరి ఇచ్చిన పదంగుళాల అద్దంలో సగం మాయమైపోయి ఉంది.

పగల్లేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు. అద్దం మీద ఒక నల్లటి వలయం కూర్చుని ఉంది. మందపాటి అట్ట, మధ్యలో గుండ్రటి కన్నం. ఆ కన్నంలోంచి ఏడంగుళాల మేర మాత్రం అద్దం తళతళలాడుతోంది. చుట్టూ ఉన్న అంచంతా అట్ట కింద చీకట్లో ఉంది.

నా చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది.

"ఇదిగో, ఒకసారి ఇలా రా!" అని కేకేశాను.

మా ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ డాబా మీదికి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందండీ? వేలు తెగిందా?"

"వేలు కాదు. అద్దం."

"పగిలిందా?" అంది. ఆ గొంతులో ఆశ వినపడకుండా చాలా జాగ్రత్తపడింది పాపం.

"పగల్లేదు. ఎవరో మూసేశారు."

ఆమె వంగి చూసింది. "అది దాంతోపాటు వచ్చిందేమో? మూతో ఏదో?"

"మూతకి మధ్యలో కన్నం ఎందుకుంటుంది?"

విస్తీర్ణం లెక్క చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఏడేడుల నలభై తొమ్మిది, పది పదుల నూరు. అద్దం మీద పడాల్సిన వెలుగులో సగానికి సగం ఆ అట్ట మింగేస్తోంది. ఎప్పటినుంచి? నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఈ సీజనంతా నేను నా కళ్ళని తిట్టుకుంటూ గడిపాను.

మాది ఒక చిన్న సంఘం. ఎవరి ఉద్యోగాలు వాళ్ళకున్నాయి. ఆకాశం బాగున్నప్పుడు ఎవరి డాబా వాళ్ళు ఎక్కుతాం. ఈ ఏడు మేమంతా ఒకే దాని వెంట పడ్డాం. దానికి మేం పెట్టుకున్న ముద్దుపేరు పొగచుక్క. అదొక గ్రహ నీహారిక. పేరులో గ్రహం ఉంది గానీ గ్రహాలతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ముసలి నక్షత్రం పోతూ పోతూ ఒంటి మీది వాయువంతా బయటికి ఊదేస్తుంది. అది గుండ్రంగా పరుచుకుని మెరుస్తుంది. పాతకాలపు దుర్భిణుల్లో చూసినవాళ్ళకి గ్రహంలా గుండ్రంగా కనపడింది కాబట్టి ఆ పేరు ఉండిపోయింది. వాటిలో కొన్ని చూడగానే దొరుకుతాయి. పొగచుక్క అలాంటిది కాదు. అది ఉందా లేదా అన్నట్టుంటుంది.

దాన్ని చూడటానికి ఒక పద్ధతుంది. తలమీద నల్లగుడ్డ కప్పుకోవాలి. కళ్ళు చీకటికి బాగా అలవాటుపడేదాకా కదలకుండా కూర్చోవాలి. కంటి దగ్గర పచ్చటి ఫిల్టరు పెట్టుకోవాలి. గొట్టాన్ని వేలితో మెల్లిగా తట్టాలి, కదిలితే మసకది తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, దానివైపు చూడకూడదు. పక్కకి చూస్తూ కంటి కొసతో పట్టుకోవాలి.

"అచ్చం మీరు మొదట్లో నన్ను చూసినట్టు" అంది మా ఆవిడ, ఇదంతా చెప్పినప్పుడు.

అన్నీ చేశాను. ఒకసారి మబ్బు. ఒకసారి నా ఊపిరే గాజు మీద ఆవిరై కూర్చుంది. ఒకసారి కింద వాటా ఆయన సరిగ్గా అప్పుడే పెరట్లో పెద్ద లైటేసి స్కూటరు కడగటం మొదలెట్టాడు. అవన్నీ పోయి ఆకాశం కడిగిన పలకలా ఉన్నప్పుడు కూడా చూశాను. చుట్టూ ఉన్న చుక్కలు సూదిమొనల్లా కనపడేవి. వాటి మధ్య పొగచుక్క ఉండాల్సిన చోట వట్టి నలుపు.

సంఘంలో నాలాగే పదంగుళాల అద్దాలున్నవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ చూసేశారు. "ఉంది సార్, పలచగా, అద్దం మీద ఊదినట్టు" అన్నారు. మా సంఘంలో ఒక పట్టింపుంది. ఎవరి టెలిస్కోపులో వాళ్ళు, ఎవరూ చూపించకుండా వెతుక్కుంటేనే చూసినట్టు లెక్క. పళ్ళ డాక్టరు ఒకాయనకి మా అందరికన్నా పెద్ద టెలిస్కోపుంది. ఆయన్ని పెద్దకన్ను అంటాం. "లెక్కకి కాకపోయినా ఒకసారి నా దాంట్లో చూసిపోవయ్యా" అని పిలిచాడు. వెళ్ళలేదు. వెళ్ళి చూస్తే దాంట్లో కూడా కనపడకపోతే? ఆ భయం చెప్పుకోలేక, పనుందన్నాను.

నా భయానికి కారణం నా ఉద్యోగం. కార్ల షెడ్డులో రంగు కలిపే పని నాది. ఏ బండికో తలుపు సొట్టపోతే, ఆ తలుపుకి కొత్త రంగు పాత బండితో కలిసిపోయేలా కలపాలి. మిషను చెప్పే పాళ్ళు మిషను చెబుతుంది. ఎండలో ఏళ్ళతరబడి తిరిగిన బండికి అవి సరిపోవు. ఆఖరి చుక్క వెయ్యాలో వద్దో చెప్పాల్సింది కన్నే. ఇన్నేళ్ళలో నేను కలిపిన రంగు వెనక్కి రాలేదు. ఈ మధ్య ఒక బూడిదరంగు తలుపు వెనక్కి వచ్చింది. మొదట కలిపింది సరిగ్గానే ఉందనిపించింది. కానీ పొగచుక్క కూడా చూడలేని కన్నుని ఎలా నమ్మటం? అనుమానంతో ఇంకో చుక్క వేశాను. దాంతో చెడింది.

కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను. "మీ వయసుకి చాలా బాగున్నాయండీ" అన్నాడు. మిగతావాళ్ళైతే 'చాలా బాగున్నాయి' అన్న ముక్క పట్టుకుంటారు. నేను 'మీ వయసుకి' అన్న ముక్క పట్టుకుని ఇంటికొచ్చాను. మర్నాడే మా ఓనరుకి చెప్పేశాను, నన్ను రంగుల బల్ల మీద నుంచి తీసేసి స్పేర్ పార్టుల కౌంటర్లో వెయ్యమని. ఆయన వద్దన్నాడు. నేను మొండికేశాను. రేపు పొద్దున బల్ల ఇంకొకరికి అప్పజెప్పాలి. టెలిస్కోపు కూడా సంఘానికి ఇచ్చేద్దామనుకున్నాను. ఇచ్చేముందు అద్దం కడుగుదామని అడుగు మూత విప్పాను. ఆ విప్పడమే ఇంత పని చేసింది.

"ఈ పని ఎవరు చేసుంటారు?" అన్నాను మా ఆవిడ వంకే చూస్తూ.

"నన్నలా చూస్తారేంటి? నేను మూయాలనుకుంటే మొత్తం మూసేస్తాను. సగం మూసి ఊరుకుంటానా?"

ఆ మాటలో న్యాయం ఉంది. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు.

"డాబా తాళం వంటింట్లోనే కదా ఉంటుంది. ఎవరెవరొచ్చారు పైకి?"

"కింద వాటా ఆయన టాంకు చూడ్డానికొచ్చాడు. మీ పెద్దకన్ను ఒకసారి వచ్చి, నా చేత రెండుసార్లు టీ పెట్టించుకుని వెళ్ళాడు. అన్నయ్యగారైతే నెలనెలా వస్తూనే ఉంటారు."

అన్నయ్యగారంటే మా బావ. మా అక్క మొగుడు. ఆయన్ని లెక్కలోంచి తీసేశాను. ఆ అద్దం నూరింది ఆయనే. లేత్ మిషను మీద జీవితమంతా ఇనుము చెక్కిన మనిషి. 'నా చేతిలోంచి వంకర ముక్క బయటికి రాదు' అనేది ఆయన ఊతపదం. టెలిస్కోపు మా ఇద్దరిదీ. చూడటం నా వంతు, అద్దాలు సరిచెయ్యటం ఆయన వంతు. "అడుగు మూత నువ్వు ముట్టుకోకు, నీది రంగుల చెయ్యి" అనేవాడు. ఇవాళ పొద్దున కూడా ఫోన్ చేసి అదే మాట. "కడగటానికి సాయంత్రం నేనొస్తా. అప్పటిదాకా విప్పకు." నాకు విసుగొచ్చి విప్పేశాను.

పెద్దకన్నుకి ఫోన్ కొట్టాను.

"డాక్టరుగారూ, సూటిగా అడుగుతున్నా. మా డాబా మీదికి వచ్చినప్పుడు నా అద్దం మీద ఏమన్నా పెట్టారా?"

"పెట్టటమేంటయ్యా? పళ్ళ మీద పెట్టడమే నాకు చేతకాదని పేషెంట్లు గోల."

"నవ్వులాట కాదు. అద్దం మీద నల్ల అట్ట ఉంది. పొగచుక్క మీకు కనపడి నాకు కనపడకపోతే సంఘంలో ఎవరికి గొప్ప?"

"ఒరేయ్ నాయనా" అన్నాడు. "మీ మెట్లెక్కటానికి నా మోకాళ్ళు ఎంత బతిమాలించుకున్నాయో మీ ఆవిడని అడుగు. రెండో టీ అందుకే. ఇంక నీ గొట్టం పడగొట్టి, స్క్రూలు విప్పి, అట్ట కత్తిరించి... నా మీద నీకు చాలా నమ్మకముందయ్యా!" అని పెట్టేశాడు.

తల పట్టుకుని కూర్చున్నాను. కాళ్ళ దగ్గర ఆ వలయం. తీసి చూశాను. కత్తిరింపు ఎంత నున్నగా ఉందంటే, అంచు మీద వేలు నడిపితే ఎక్కడా తగల్లేదు. మెరవకుండా నల్లరంగు వేశారు. గొట్టం లోపల కూడా నలుపే. నలుపులో నలుపు. పైనుంచి ఎన్నిసార్లు తొంగిచూసినా తెలియకపోవటంలో వింతేమీ లేదు.

ఉన్నట్టుండి ఏదో తేడా కొట్టింది.

వలయాన్ని తీసుకెళ్ళి పిట్టగోడ మీద ఎండలో పెట్టాను. గొట్టం లోపలి రంగు నేనే కలిపింది, మిగిలిన డబ్బా మెట్లకింద ఉంది. అందులోంచి పుల్లతో ఒక చుక్క తీసి వలయం పక్కన పూశాను. ఆరేదాకా ఆగాను. రెండూ ఒకటి కావు. గొట్టం నలుపు శుద్ధ నలుపు. వలయం నలుపు అడుగున, ఎక్కడో లోతుగా, వంకాయ రంగుంది.

నలుపుల్లో తేడా అందరికీ తెలియదు. నేను ఏడాదిలో షెడ్డు బయటివాళ్ళకి కలిపిచ్చిన నలుపులు రెండే. ఒకటి పెద్దకన్ను గొట్టానికి. దాంట్లో నీలం ఎక్కువైందని ఆయన ఇప్పటికీ సణుగుతాడు. రెండోది...

"ఏంటండీ, అలా తెల్లబోయారు?" అంది మా ఆవిడ.

"ఈ నలుపులో వంకాయ రంగు కనపడుతోందా నీకు?"

ఆమె ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "నాకు బొగ్గులా ఉంది. మీకు నిజంగా కనపడుతోందా?"

"స్పష్టంగా."

"బొగ్గులో వంకాయ కనపడే కళ్ళకి జబ్బేంటండీ? ముందు మీ ఓనరుకి ఫోన్ చెయ్యండి."

"ఇప్పుడు కాదు. ఇది ఊహ కావచ్చు. అవతలిది పక్కన పెట్టి చూడాలి."

"అవతలిదేంటి?"

వలయాన్ని సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

మా అక్కావాళ్ళిల్లు రెండు వీధుల అవతల. దారంతా నాలో నేనే వాదించుకున్నాను. అక్క పాత కుట్టుమిషనుకి బావ వేసిన రంగు మిగిలితే ఎవరికో ఇచ్చి ఉండొచ్చు. ఎవరో అడిగి పట్టుకెళ్ళి ఉండొచ్చు. ఆ 'ఎవరో'కి ముఖం తగిలించలేకపోయాను.

ముందుగదిలో అక్క కుట్టుమిషను తొక్కుతోంది. బావ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నాడు. చంకలో పనిముట్ల సంచి.

"అరె, నీ దగ్గరికే బయల్దేరానురా బామ్మర్దీ!" అన్నాడు. "కడిగేద్దాం పద. విప్పలేదుగా?"

"కూర్చో బావా."

నా ముఖంలో ఏం చూశాడో, చెప్పులు విడవకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"ఏంట్రా తమ్ముడూ, మొహం అలా పెట్టావు?" అంది అక్క దారం తెంపుతూ. "మరదలు తిట్టిందా? తిడితే తిట్టించుకోవాలి, ఇక్కడిదాకా మోసుకురాకూడదు."

సంచిలోంచి వలయం తీసి మిషను మీద, సూది పక్కన పెట్టాను. కిటికీలోంచి వెలుగు సరిగ్గా దానిమీదే పడుతోంది.

ఆ మిషనుకి రంగు నేనే కలిపిచ్చాను. పాత ఇనుము, వాడి వాడి వంకాయ ఛాయ తేలింది. కొత్తగా వేసినా ఆ ఛాయ పోకూడదని అక్క పట్టుబట్టింది. పెట్టగానే మిషను మీద వలయం అంచు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"అదేంట్రా, మన మిషను రంగే!" అంది అక్క. "ఏమండీ, నాలుగో కోటింగు వేస్తానని దాచిన డబ్బా అయిపోయిందన్నారు... దీనికేనా?"

బావ అక్క వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు.

"విప్పావన్నమాట" అన్నాడు.

"విప్పాను."

"సాయంత్రం దాకా ఆగమన్నాను కదరా."

"సాయంత్రం వచ్చి తీసేసి, ఏమీ ఎరగనట్టు కడిగి ఇద్దామనా?" నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "రేపు పొద్దున నేను బల్ల దిగిపోతున్నాను బావా. ఇరవై రకాల తెలుపులు విడదీసిన కళ్ళని నేను నమ్మటం మానేశాను. నీకు తెలుసు. పక్కనే కూర్చుని, 'ఇవాళ గాలి బాలేదులే, రేపు చూద్దాంలే' అన్నావు. ఎందుకు చేశావ్?"

అక్క కాలు తొక్కుడు పలక మీద ఆగిపోయింది. బావ పనిముట్ల సంచి నేలమీద పెట్టాడు. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని మొదలుపెట్టాడు.

"అంచు దిగిపోయిందిరా. అద్దం మొత్తం బాగా వచ్చింది. చివర్లో తొందరపడ్డాను. అంచు దగ్గర చెయ్యి కాస్త ఎక్కువ ఒత్తింది. వెంట్రుకని వంద చీలికలు చేస్తే అందులో ఒకటంత కూడా ఉండదు ఆ పల్లం. కానీ అక్కడ పడ్డ వెలుగు కలవాల్సిన చోట కలవదు, చుక్క చుట్టూ పీచుపీచుగా పడుతుంది. మొదటి రోజు చూసి నువ్వేమన్నావు? 'చుక్కలు దూదిపింజల్లా ఉన్నాయి బావా' అన్నావు. నాకు అప్పుడే తెలిసిపోయింది. స్క్రూలు సరిచేస్తానని అద్దం ఇంటికి తెచ్చేశా. సరిచెయ్యాలంటే మళ్ళీ మొదటినుంచీ నూరాలి. ఈ భుజం లేవట్లేదు. మీ అక్కక్కూడా చెప్పలేదు. అందుకని చెడ్డ అంచు మీద అట్ట కప్పా. చుక్కలు సూదిమొనల్లా వచ్చేశాయి.

"నాలుగు రోజులాగి చెబుదామనే అనుకున్నా. నువ్వేమో సంఘంలో అంతమంది ముందు లేచి, 'మా బావ చేతిలోంచి వంకర ముక్క బయటికి రాదు' అన్నావు. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నోరెలా పెగుల్తుందిరా? పోనీ, చంద్రుడు బాగానే కనపడుతున్నాడు, అందరూ సంతోషంగా ఉన్నారు అనుకున్నా. ఇంతలో మీరు పొగచుక్క అంటూ బయల్దేరారు. నువ్వు కళ్ళు నులుముకుంటుంటే పక్కన కూర్చోలేక, టీ తెస్తానని కిందికి దిగిపోయేవాణ్ణి. బల్ల సంగతి నిన్ననే చెల్లెమ్మ చెప్పింది. ఇవాళ తీసేసి, అద్దానికి మసి పట్టింది, కడిగేశా, ఇప్పుడు చూడు అని చెబుదామనుకున్నా. అవును, మళ్ళీ అబద్ధమే.

"ఇంకొకటుంది. అది చెప్పకపోతే ఇదంతా చెప్పి లాభం లేదు. మీరిద్దరూ ఊరెళ్ళి తాళంచెవి నాకిచ్చిన అమావాస్యకి డాబా ఎక్కాను. అట్ట తీసి, నీ నల్లగుడ్డే కప్పుకుని కూర్చున్నా. చుక్కలన్నీ పీచులే. సిగ్గేసింది. కానీ కాసేపటికి, పక్కకి చూస్తుంటే, గుండ్రంగా ఏదో తేలింది. గొట్టం తట్టాను. అదీ కదిలింది. పొగచుక్కేరా. లేత్ మిషను మీద ఇనుము తప్ప ఇంకేం చూడని నాకే కనపడింది. అంత పలచటి మబ్బుకి అంచు పదునుతో పని లేదు, వెలుగుంటే చాలు. అది నాకు ఆ క్షణమే అర్థమైంది. నీ కళ్ళకి ఏమీ కాలేదు. రేపు వెళ్ళి నీ బల్ల దగ్గర నువ్వే నిలబడు. నాకు ఆ రోజే తెలుసు నీ కళ్ళకి ఏమీ కాలేదని. తెలిసే, ఆ అట్ట మళ్ళీ యథాస్థానంలో పెట్టి, మూత మూసి, స్క్రూలన్నీ నా చేత్తో నేనే బిగించాను."